మళ్ళీ టీచర్ దిద్దిన లెక్కలు

ఆ బళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు మళ్ళీ టీచర్. ఎదురుగా అనరు, వెనకాల అనుకుంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసి లోపల్లోపల మురిసిపోతుంది కూడా. లెక్క తప్పితే తిట్టదు, చెవి మెలిపెట్టదు, ఇంటూ మార్కు పెట్టదు. ఏ వరుసలో లెక్క దారి తప్పిందో ఆ వరుస పక్కన ఎర్రసిరాతో చిన్న చుక్క పెట్టి, పుస్తకం వెనక్కి తోసి, "మళ్ళీ" అంటుంది. జవాబు మాత్రం చచ్చినా చెప్పదు. ఏడుపు మొహం పెట్టుకుని వెళ్ళి, బుర్ర గోక్కుని, ఆ చుక్క దగ్గర తను వెలగబెట్టిన ఘనకార్యమేమిటో ఎవరికి వాళ్ళే పట్టుకుని రావాలి. రెండోసారీ కుదరకపోతే మూడోసారి. ఆవిడకి తొందరేమీ ఉండేది కాదు.

ఆవిడకి తప్పులంటే అదో పిచ్చి. ఒప్పు జవాబులో చూడ్డానికేముంది, తప్పు జవాబులో పిల్ల మొత్తం కనబడుతుంది అనేది. పేర్లు రాయని ముప్ఫై రెండు కాగితాలు ముందు పడేస్తే ఏది ఎవరిదో తప్పుల్ని బట్టి చెప్పేసేది. మూడో బెంచీ కవలల్లో పెద్దవాడు ఏడుని ఒకటిలా రాసి, కింది వరుసకొచ్చేసరికి తన రాతకి తనే మోసపోతాడు. కిటికీ పక్క పిల్ల పది దాటితే మిగులు వేసుకోవడం మర్చిపోతుంది. వాళ్ళ నాన్న పనిమీద ఊరెళ్ళిన వారం ఆ మరుపు రెట్టింపవుతుంది. ఇలాంటివన్నీ ఆవిడ ఎక్కడా రాసుకోలేదు. అన్నీ కంఠతా ఉండేవి.

అలాంటి బడికి ట్యాబులొచ్చాయి. తెల్ల చొక్కా కుర్రాడొకడు కంపెనీ తరఫున వచ్చి, టీచర్లందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. పాఠం ట్యాబే చెబుతుంది. ఇంటి దగ్గర పిల్లలు రోజూ పది లెక్కలు చెయ్యాలి, సాయంత్రం ఆరింటికల్లా జవాబులు నొక్కెయ్యాలి. మర్నాడు పొద్దున తరగతి గోడమీది పెద్ద స్క్రీన్‌లో పేర్ల పక్కన రంగులొస్తాయి. బాగా చేస్తే పచ్చ, లేకపోతే ఎరుపు. జవాబులు కనబడవు, రంగే కనబడుతుంది. ఎరుపొచ్చిన వాళ్ళకి ఆ పాఠం మళ్ళీ చూపిస్తుంది, పచ్చొచ్చిన వాళ్ళని ముందుకి తీసుకుపోతుంది. మరి మేమేం చెయ్యాలని ఎవరో అడిగితే, ట్యాబులకి చార్జింగ్ ఉందో లేదో చూసుకోవాలన్నాడు. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు.

మళ్ళీ టీచర్ లేచి నిలబడి, పిల్లలు తాము చేసింది ఇంకోసారి చూసుకోవడానికి కాస్త టైము ఇవ్వకపోతే అదేం లెక్క అని పట్టుబట్టింది. కుర్రాడు ఏ కళనున్నాడో సరేనన్నాడు. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా జవాబులు మార్చుకోవచ్చు, ఎనిమిదయ్యాక మెషీన్ తాళం వేసుకుని దిద్దుకుంటుంది. ఆ రెండు గంటలు తనే సంపాదించి పెట్టానని ఆవిడ ఆ వేళంతా గర్వంగా తిరిగింది. ఒక్క పిల్లైనా ఆ రెండు గంటల్లో ఒక్కసారైనా ట్యాబ్ తెరిచి చూసుకున్న పాపాన పోలేదు.

మొదటి నెల ఆవిడ తరగతి ఎర్రగా ఉంది. ఉండదూ మరి? ఆవిడ పాత అలవాటుకొద్దీ బళ్ళో కాగితంమీదే చేయించేది, ఒక్కో లెక్క దగ్గర అరగంట కూర్చునేది. మెషీన్‌కి అంత ఓపిక లేదు. రెండో నెల ప్రిన్సిపాల్ ఆవిణ్ణి పిలిచాడు. అతను ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే, చుక్కల మీద చుక్కలు తిన్నవాడే. కుర్చీ చూపించి, నీళ్ళు నమిలి, చివరికి చెప్పాడు. అర్ధసంవత్సరం ముగిసేసరికి నూటికి అరవై మందికైనా పచ్చ రాని తరగతుల్ని కలిపేసి కింద హాల్లో కూర్చోబెడతారట. వందమందికి ఒక సూపర్‌వైజర్ చాలట. మిగిలిన టీచర్లని ఏం చేస్తారో తనకింకా చెప్పలేదన్నాడు.

ఆవిడకి భయం పట్టుకుంది. ఉద్యోగం పోతే తిండికి లోటని కాదు. పిల్లలు కలగలేదు. కరెంటాఫీసులో మీటర్ల లెక్కలు చూసి రిటైరైన భర్త ఉన్నాడు, ఉన్నాడన్న మాటే గాని పడగ్గదిలో ఫోన్ పట్టుకుని ఉంటాడు. కాఫీ కావాలన్నా అక్కణ్ణించే వంటింట్లో ఉన్న ఆవిడ ఫోన్‌కి మెసేజ్ పెడతాడు. మనుషులు ఇద్దరు, చార్జర్లు నాలుగు, ఇదీ ఆ ఇల్లు. ఆవిడ గొంతు వినేదీ, ఆవిడ మాటకి తలెత్తేదీ ఆ ముప్ఫై రెండు మందే. ఆ గది పోతే ఇంక తనకేం మిగుల్తుందో ఎంత ఆలోచించినా ఆవిడకి తట్టలేదు.

తప్పు ఎక్కడ మొదలైందంటే, నన్నడిగితే మంచితనంలోనే మొదలైంది. ఆవిడకి పిల్లల తప్పులు కనబడక చెయ్యి విరిగినట్టుగా ఉంది. ఎవరు ఎక్కడ జారారో తెలీకుండా ఎరుపని చెబితే ఏం చేసుకోవాలి? పిల్లలు పాస్‌వర్డులు మర్చిపోతుంటారని అందరివీ హాజరు రిజిస్టర్ వెనక రాసిపెట్టుకుంది. ఒక సాయంత్రం ఆ రిజిస్టర్ ఇంటికి తెచ్చి, భర్త గది గుమ్మంలో నిలబడి, దీంట్లోకి ఎలా వెళ్ళాలో కాస్త చూపించండి అంది. ఆయన ఫోన్ పక్కన పెట్టి లేచాడు. ఆయన ఫోన్ పక్కన పెట్టడం ఆవిడ చూసి ఎన్నాళ్ళయిందో.

ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. పిల్లల తప్పులన్నీ ఒక్కొక్కటే వచ్చి కళ్ళముందు నిలబడ్డాయి. కవలల్లో పెద్దవాడి ఏడు, కిటికీ పిల్ల మిగులు. ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ చుక్క పెట్టడానికి స్క్రీన్‌మీద చోటు లేదు. ఎదురుగా తప్పు ఉంది, చేతిలో ఏమీ లేదు. అలా చూస్తూ చూస్తూ ఒకచోట ఒకటిని చెరిపి ఏడు నొక్కింది. అప్పటికి ఏడుంపావు. తాళం పడటానికి ముప్పావుగంట ఉంది.

తర్వాత ఇంక ఆగలేదు. రోజూ ఆరయ్యేసరికి ఇద్దరూ బల్ల దగ్గర చేరేవారు. ఆయన పాస్‌వర్డు కొడతాడు, ఆవిడ దిద్దుతుంది. ఆయన మీటర్ల రోజుల్లో నోటిలెక్కలు ఎలా చేసేవాడో చెబుతాడు, ఆవిడ తప్పుపడుతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. పెళ్ళైన కొత్తలో కూడా అంతసేపు ఎదురెదురుగా కూర్చున్న గుర్తు లేదు. అన్నీ ఒప్పులైతే దొరికిపోతాం, అక్కడక్కడ తప్పులు వదలమని ఆయనే హెచ్చరించాడు. దానికి ఆవిడ తర్వాతే ఎవరైనా. ఎవరికి ఏ తప్పు వదలాలో, ఎన్ని వదిలితే పచ్చ తప్పిపోకుండా ఉంటుందో కొలత పెట్టినట్టు వదిలేది. వాళ్ళ అమ్మలు చూసినా అది మా వాడి తప్పే అనుకునేంత చక్కగా వదిలేది.

ఒక్క పిల్ల దగ్గర మాత్రం పప్పులో కాలేసింది.

ఆ పిల్లని తరగతిలో తప్పులతడక అనేవారు. షర్టుల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆవిడ కూతురు. తండ్రి లేడు. ఒకటో తరగతి నుంచీ మొద్దు అన్న మాట విని విని, పిలిస్తే పలకడం కూడా మానేసి, బెంచీ కింద చూస్తూ కూర్చునేది. భిన్నాలు కూడమంటే పైవాటికి పైవీ, కిందవాటికి కిందవీ కూడేసేది. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కలిపితే రెండు బై అయిదు. మళ్ళీ టీచర్ ఆ ఒక్క తప్పు మీద నలభై రోజులు కూర్చుంది. కాగితాలు మడిచింది, రంగులేసింది. ఇదిగో సగం, దీనికి ఇంకో ముక్క కలిపాం, మరి నీ జవాబు సగంకంటే తక్కువొచ్చిందేమని అడిగింది. నలభయ్యో రోజున ఆ పిల్ల కనుబొమలు మొదటిసారి ముడిపడ్డాయి. ఇందులో ఏదో తేడా ఉందే అన్న అనుమానం మొహంలోకి వచ్చింది. ఇంకో వారం, మహా అయితే పది రోజులు పట్టేది.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ మనసు కరిగిపోయింది. గోడమీద ఆ పేరు పక్కన రోజూ ఎరుపు చూడలేకపోయింది. ఒక్కసారి ఆ పిల్ల కూడా పచ్చ చూసుకుంటే ఏం పోతుందని పది లెక్కలూ దిద్దేసింది. అందరికీ తప్పులు వదిలిన చెయ్యి ఆ పిల్ల దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ వదలలేకపోయింది. మర్నాడు ఆ పిల్ల స్క్రీన్ చూసి, పక్కదాన్ని పిలిచి ఇది నా పేరేనా అని అడిగింది. మధ్యాహ్నానికి తల పైకెత్తి నడిచింది. అది చూశాక ఆపడం ఎవరి తరం? రెండో రోజు, మూడో రోజు, నెల రోజులు పదికి పది. పచ్చొచ్చిన వాళ్ళకి పాఠం మళ్ళీ చూపించే అవసరం లేదు కాబట్టి మెషీన్ ఆ పిల్లకి భిన్నాల పాఠం మళ్ళీ చూపించలేదు. తప్పులతడక అన్న పేరు తరగతిలో వినబడటం మానేసింది.

అర్ధసంవత్సరం ముగిసింది. ఆవిడ తరగతి నూటికి డెబ్భై ఎనిమిది దగ్గర నిలబడింది, బళ్ళో అన్నిటికంటే పైన. గది దక్కిందని ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ప్రిన్సిపాల్ పిలిస్తే మంచి చీర కట్టుకుని వెళ్ళింది.

అతను కూర్చోమన్నాడు. మొహంలో సంతోషం లేదు. మేనేజ్‌మెంటు వాళ్ళు ఆవిడ తరగతి ఫలితాలు చూసి తెగ సంబరపడ్డారట. బండ ఎరుపులో ఉన్న తరగతి మూడు నెలల్లో ఇంత మారిందంటే ట్యాబు ఎంత గొప్పదో తేలిపోయిందట. అందులోనూ ఆ అట్టడుగు పిల్ల మొదటి స్థానానికి రావడం చూశాక వాళ్ళకి ఇంక అనుమానమే లేదట. టీచర్లతో పని లేదని రుజువైపోయింది కాబట్టి ఎరుపు తరగతులే కాదు, అన్ని తరగతుల్నీ వచ్చేవారం నుంచి హాల్లోకి దింపేస్తున్నారు. ఎల్లుండి మేనేజ్‌మెంటు వాళ్ళొచ్చి ఆ పిల్లని అందరి ముందూ సన్మానిస్తారు.

గది నిలబెట్టుకోవడానికి తను చేసిందే గదిని కూల్చింది. ఉన్నదంతా చెప్పేసింది, పాస్‌వర్డులు, ఆరు నుంచి ఎనిమిది, భర్త, అన్నీ. ప్రిన్సిపాల్ లేచి వెళ్ళి తలుపు మూశాడు.

"ఇది నాకు చెప్పలేదనుకోండి టీచర్," అన్నాడు. "బయటికొస్తే మీ ఒక్కరితో పోదు. ముప్ఫై రెండు మంది పిల్లలు దొంగతనంగా మార్కులు తెచ్చుకున్నట్టవుతుంది. అందరికంటే ముందు ఆ పిల్లనే నిలదీస్తారు."

ఆవిడ గదిలోంచి బయటికొచ్చి మెట్లమీద చాలాసేపు కూర్చుంది. గది ఎలాగూ పోయింది. ఇక వచ్చేవారం నుంచి కాగితంమీద లెక్క చేయించే దిక్కు కూడా ఆ పిల్లలకి ఉండదు. మిగతా వాళ్ళు ఏదో ఒకలా ఈదుతారు. ఆ ఒక్క పిల్ల రెండు బై అయిదుతోనే ఉండిపోతుంది, అదే ఒప్పని నమ్మి ఉండిపోతుంది. నలభై రోజులు కష్టపడి తెప్పించిన అనుమానాన్ని తన చేత్తోనే చంపేశానని అప్పుడు తెలిసింది. ఆవిడ అక్కడే కూర్చుని ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం అయిదింటికి ఆ పిల్ల ఇంటికి వెళ్ళింది. ఒకే గది, కిటికీ కింద కుట్టుమిషను, మంచం మీద బొత్తాలు కుట్టాల్సిన చొక్కాల దొంతర. తల్లి అప్పుడే పనినుంచి వచ్చింది. టీచరు గడప తొక్కిందని కంగారుపడి, చొక్కాలు పక్కకి జరిపి చోటు చేసింది. బడి నుంచి వచ్చిన సన్మానం మెసేజ్ ఫోన్‌లో చూపించింది. ఫ్యాక్టరీలో అందరికీ చూపించిందట, చూపించని మనిషి లేడట. పిల్ల ఆ మూల కూర్చుని పది లెక్కలు చేసుకుంటోంది.

టీచరమ్మ ఒక కాగితంమీద ఒకటి బై రెండు, ఒకటి బై మూడు రాసి ఇచ్చింది. పిల్ల ఆలోచించకుండా రెండు బై అయిదు రాసి తిరిగిచ్చింది. ఆవిడ కాగితం మడిచి, సగం చూపించి, పాత ప్రశ్న అడగబోయింది. పిల్ల మధ్యలోనే ఆపేసింది.

"అలా అడక్కండి టీచర్. ట్యాబ్‌లో ఇలా చేస్తేనే నాకు వస్తోంది. మీ దగ్గరే రావట్లేదు."

మాటలో పొగరు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. ఇంక దాచి ఏం లాభమని ఆవిడ తల్లి ముందే నిజం చెప్పేసింది. ఆ పచ్చ రంగులు పిల్లవి కావని, తనే రోజూ ఇంటి దగ్గర కూర్చుని జవాబులు మార్చానని, పిల్లకి ఈ లెక్క ఇంకా రాలేదని, పది రోజులు తన ఇంటికి పంపిస్తే నేర్పిస్తానని, చేతులు పట్టుకుని బతిమాలింది. తల్లి వింది. చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. రేపు పిల్లకి సన్మానమనగా ఇవాళొచ్చి ఇలా చెబుతారేమని అడిగింది. టీచర్లని తీసేస్తున్నారట కదా, ఆ కడుపుమంటా అని కూడా అడిగింది. మొద్దుపిల్ల పైకొస్తే చూడలేని వాళ్ళు చాలామంది ఉంటారు గాని, టీచరు కూడా అంతేనని తను అనుకోలేదంది.

"పదకొండేళ్ళకి మా పిల్లని ఒకళ్ళు మంచిదన్నారు టీచరుగారూ," అంది. "అది మనిషి కాకపోయినా నాకు ఫర్వాలేదు."

ఆవిడ ఇంటికొచ్చేసరికి ఆరుంపావు. భర్త బల్ల దగ్గర రిజిస్టర్ తెరిచి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ముందు ఆ పిల్ల పేజీ తెరవమంది. పది లెక్కలూ భిన్నాలే, పదీ తప్పులే. పైవాటికి పైవి, కిందవాటికి కిందవి. ఆయన ఆవిడ మొహం చూసి సంగతి గ్రహించాడు. రేపొక్కరోజు గడవనీ, పెద్దవాళ్ళు వస్తున్నారు, పసిపిల్ల పరువు పోతుంది, ఎల్లుండి నుంచి మానేద్దువుగానిలే అన్నాడు. ఆవిడకీ వేళ్ళు స్క్రీన్ మీదికే పోతున్నాయి. ఇవాళ దిద్దితే ఆ పిల్లకి ఇంకెప్పటికీ రాదు. దిద్దకపోతే రేపు ఎర్రగా పడుతుంది, పడితే మెషీన్ ఆ పాఠం మళ్ళీ చూపిస్తుంది. ఒక్క ఎరుపు చూస్తేనన్నా ఆ పిల్ల కనుబొమలు ముడిపడవా? ఆ ఆశతో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదయింది, తాళం పడింది. ఆయన లేచి పడగ్గదిలోకి వెళ్ళి ఫోన్ తీసుకున్నాడు.

పొద్దున హాల్లో మేనేజ్‌మెంటు వాళ్ళ ముందు పెద్ద స్క్రీన్ వెలిగింది. మొదటి స్థానంలో ఉండాల్సిన పేరు పక్కన ఎరుపు. కొత్త గౌను వేసుకుని ముందు వరుసలో నిలబడ్డ పిల్ల స్క్రీన్ కేసి చూసింది, తర్వాత వెనక్కి తిరిగి టీచరమ్మ కేసి చూసింది. వచ్చినవాళ్ళు గుసగుసలాడుకున్నారు. సన్మానం ఇంకెవరికో చేశారు.

అంతా అయ్యాక ప్రిన్సిపాల్ గదిలో తల్లి నిలబడి ఉంది. అరవలేదు. నిన్న ఈవిడే మా ఇంటికొచ్చి, మీ పిల్ల జవాబులు నేను మార్చగలనని చెప్పి వెళ్ళిందనీ, మాట విననందుకు ఇవాళ మార్చి చూపించిందనీ ఫిర్యాదు చేసింది. ప్రిన్సిపాల్ కంపెనీకి ఫోన్ చేశాడు. నిన్న సాయంత్రం ఆరుంపావుకి ఆ పిల్ల పేజీని టీచరమ్మ ఇంటి నుంచే తెరిచారని, ఏ జవాబు మార్చారో మాత్రం తమ దగ్గర నిలవ ఉండదని వాళ్ళు చెప్పారు. తెరిచాను గాని ఒక్క అంకె ముట్టుకోలేదని ఆవిడ అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ బళ్ళో ఆవిడ మాట నమ్మని రోజు అదే. ప్రిన్సిపాల్ తలొంచుకుని, రిజిస్టర్ ఇచ్చి వెళ్ళమన్నాడు.

ఆవిడ రిజిస్టర్ బల్లమీద పెట్టి పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. నిన్న నువ్వు ఏ జవాబులు నొక్కావో గుర్తుందా అమ్మా, ఒక్కటి రాసి చూపించు, వీళ్ళందరూ చూస్తారు అంది. పిల్ల సంచీలోంచి పుస్తకం తీసింది. బెంచీ కింద చూస్తూ కూర్చునే పిల్ల కాదిప్పుడు, ప్రిన్సిపాల్ బల్లమీదే పుస్తకం పెట్టి, పెన్ను నొక్కిపట్టి, ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు వేసి, గీత గీసి, రెండు బై అయిదు రాసింది. కింద రెండుసార్లు గీత కొట్టింది.

"ఇదే నొక్కాను," అంది. "నాది కరెక్టే. మా టీచరే మార్చేసింది."

ప్రిన్సిపాల్ ఆ జవాబు చూశాడు. కిటికీ వైపు తిరిగిపోయాడు. టీచరమ్మ పిల్ల భుజంమీద చెయ్యి వేసింది. పిల్ల ఆ చెయ్యి విదిలించుకుని వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళి నిలబడింది. తల్లి వంగి ఆ లెక్క తేరిపార చూసి, ఇంత చక్కగా వేసిందిగా అని పిల్ల తల నిమిరి, పుస్తకం సంచీలో పెట్టి, ట్యాబ్ చేతికిచ్చి, హాల్లోకి పంపించింది.